బిడ్డ వండర్ ఉమన్ అయితనంటది, మేడం రుద్రమదేవి వెయ్యమంటది. ఏం చేద్దాం?

ఓరుగల్లు_అమ్మ (శుక్రవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్తే. నా బిడ్డ నాలుగో తరగతి. వచ్చే శనివారం బడిల ఫ్యాన్సీ డ్రెస్ పోటీ ఉన్నది. నన్ను అడగకుండనే వండర్ ఉమన్ వేస్తనని పేరు ఇచ్చి వచ్చింది. నిన్న వాళ్ల మేడం ఫోన్ చేసింది. "వరంగల్‌ల ఉండి అమెరికా బొమ్మ ఎందుకమ్మా, రుద్రమదేవి వెయ్యండి. చీర, కత్తి, కిరీటం అన్నీ కిరాయికి దొరుకుతయి. ఆ చిన్న బట్టలు బాగుండవు" అన్నది. కోపంగ అనలే, మంచిగనే చెప్పింది. కానీ ఇది పక్కనే నిలబడి అంతా విన్నది. అప్పట్నుంచి అన్నం కాడ అలుగుడే.

నాకు ఈ వండర్ ఉమన్ గురించి ఏం తెల్వది. సినిమా పోస్టర్ చూసిన, అంతే. మా మరిది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాలల్ల ఒక పాత కామిక్ కొనుక్కొచ్చిండు. దానికి అట్ట కూడ లేదు. పొద్దుమాపు అదే పట్టుకొని కూసుంటది. ఇంగ్లీషు సగం అర్థం కాదు, బొమ్మలు చూసుకుంట కథ తనే అల్లుకుంటది.

రెండు ప్రశ్నలు. ఈమె ఎవరు, బిడ్డ గింత అలిగేంత గొప్పదా? ఆ చేతులకు పెట్టుకునే వెడల్పు కడియాలు ఇంట్ల ఎట్ల చెయ్యాలె?

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్ (9:52)

రెండోదానికి నా దగ్గర జవాబు ఉన్నది అక్కా. మొదటిదానికి కాజీపేట అన్న రావాలె. ఆయన మొదలుపెడితే తెల్లారుతది, చాయ్ పెట్టుకోండ్రి.

కాజీపేట_జంక్షన్ (10:31)

వచ్చిన తమ్మీ. చాయ్ నాకూ పొయ్యి.

అక్కా, పుట్టుక కాడ మొదలుపెడ్త. 1941 అక్టోబర్‌ల అమెరికా దుకాణాలకు వచ్చిన ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికల ఆమె మొదటిసారి కనిపించింది. సంచిక మీద డిసెంబర్, జనవరి అని అచ్చు ఉంటది, అందుకే లెక్కల కొందరు 1941 అంటరు, కొందరు 1942 అంటరు. సూపర్‌మాన్ 1938, బ్యాట్‌మాన్ 1939, తర్వాత ఈమె. ఎనభై ఏండ్లు దాటినా అచ్చుల ఉన్నది.

సృష్టించినాయన పేరు విలియం మౌల్టన్ మార్‌స్టన్. బొమ్మల కథలు రాసుకుంట పెరిగినోడు కాదు, సైకాలజీల డాక్టరేట్ చేసిండు. అబద్ధం ఆడేటోనికి బీపీ పెరుగుతదని ఒక పరీక్ష తయారుచేసిండు. ఆ ఆలోచనకు ఇంట్లనే పునాది పడ్డది. కోపమొస్తే తన బీపీ పెరుగుతున్నదని భార్య ఎలిజబెత్ చెప్పింది. ఆమె అప్పట్లనే లా చదివిన మనిషి. కొత్త వీరుని కథ రాస్తనంటే, "సరే, కానీ ఆడమనిషిని పెట్టు" అన్నది కూడ ఆమెనే అని చెప్తరు. అదే ఇంట్ల ఆలివ్ బర్న్ అని ఇంకొకామె ఉండేది. ముగ్గురిదీ ఒకటే కాపురం, ఇద్దరికీ ఆయనతోని పిల్లలు. ఆలివ్ చేతులకు వెడల్పు కడియాలు ఉండేటివి. మీ బిడ్డ అడుగుతున్న కడియాలు అక్కడివే.

బొమ్మలు గీసింది హెచ్. జి. పీటర్. అప్పటికే అరవై దాటినాయన.

కథకొస్తే, ఆడోళ్లే ఉండే ఒక ద్వీపం. రాణి హిపోలిటా మట్టితోని పాప బొమ్మ చేస్తది, దేవతలు దానికి ప్రాణం పోస్తరు. ఆ పాపనే డయానా. ఒకనాడు స్టీవ్ ట్రెవర్ అనే అమెరికా సైనికుడు విమానం కూలి ఆ ద్వీపంల పడ్తడు. ఆయనను తీస్కపోయి దిగబెట్టేది ఎవరో తేల్చెతందుకు పోటీ పెడ్తరు. డయానాను తల్లి పోవద్దంటది. ఈమె ముఖానికి ముసుగేసుకొని పోటీల దిగి గెలుస్తది. అడగకుండ పేరు ఇచ్చి వచ్చుడు కొత్తేం కాదక్కా, ఆ కథల్నే ఉన్నది.

ఓరుగల్లు_అమ్మ (10:44)

వామ్మో. గదంతా ఇప్పుడు దీనికి చెప్పొద్దు నేను.

తంగేడుపువ్వు (10:58)

కాజీపేట అన్నా, ఆ మట్టిపాప ముచ్చట కొంచెం ఆపి చూడండి. మగవాడి ప్రమేయం లేకుండా తల్లి తన చేత్తో పిసికి చేసిన బిడ్డ. ఇది మనకు కొత్తగా అనిపిస్తుందా? పార్వతి ఒంటి నలుగు పిండితో వినాయకుణ్ణి చేసింది. ఎంగిలిపూల నాడు మా అమ్మ బతుకమ్మ మీద పెట్టే గౌరమ్మ కూడా పసుపు ముద్దే. పసుపులో నీళ్ళు కొంచెం ఎక్కువైతే గౌరమ్మ ఒరిగిపోతుంది, అమ్మ మళ్ళీ పొడి పసుపు చల్లి బొటనవేలితో నిలబెడుతుంది. నేను కాలేజీలో ఉన్నప్పుడు వండర్ ఉమన్ పుట్టుక మొదటిసారి చదివితే నాకు కళ్ళ ముందు ఆ బొటనవేలే కనబడింది.

అందుకే 2011లో ఆమె కామిక్‌లు అచ్చేసే డీసీ కంపెనీ వాళ్ళు కథ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, ఆమె మట్టిపాప కాదు, గ్రీకుల జ్యూస్ దేవుడి కూతురు అని మార్చితే నాకు ఒళ్ళు మండింది. 2017 సినిమాలోనూ అదే. మట్టి పోయి తండ్రి వచ్చాడు!

జగిత్యాల_మాస్టారు (శనివారం, ఉదయం 6:12)

అమ్మా ఓరుగల్లు అమ్మా, ముప్పై నాలుగేండ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి, అందుకే ఆ మేడం పక్షాన ఒక్క మాట. రుద్రమ ఊహాపాత్ర కాదు. గణపతిదేవుని బిడ్డ. తండ్రి ఆమెను కొడుకులాగా పెంచి, మగ పేరు పెట్టి, గద్దె మీద కూర్చోబెట్టినాడు. శాసనాలలో ఆమె ‘రుద్రదేవ మహారాజు’. యాదవులను దేవగిరి దాకా తరిమింది. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నాటిది, ఆమె మరణాన్ని చెప్తుంది. మనకింత ఉండగా పసిపిల్లకు పరదేశపు మట్టిబొమ్మ దేనికి?

కోటలో స్వయంభూ గుడి మండపం దగ్గర సింహం మీద కూర్చుని కత్తి, డాలు పట్టిన స్త్రీ శిల్పం ఉన్నది. అది రుద్రమదే అంటారు. పిల్లను ఒకసారి తీసుకపోయి చూపించండి. తర్వాత ఏ వేషమైనా వేయండి.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్ (7:03)

మాస్టారు, దండాలు. ఒకటి యాదికి చేస్త, కోపం జెయ్యకుండ్రి. మీ కాకతీయుల సైన్యంతోని కొట్లాడింది మా సమ్మక్క. కరువుల కప్పం కట్టమంటే కట్టమన్నందుకు. ఆమె ఎవలకు రాణి? ఎవలకు శత్రువు?

ఇంకో ముచ్చట. మా నాయనమ్మ చెప్పే సమ్మక్క కథ వేరు, మా మేనత్త చెప్పేది వేరు. పులుల నడుమ ఆడుకుంట దొరికిందని ఒకలు, పెట్టెల దొరికిందని ఒకలు. కడకు చిలుకలగుట్ట మీదికి పోయి మాయమైంది, కుంకుమ భరిణె దొరికింది, గదొక్కటి అందరి కథలల్ల ఉంటది. మేడారంల ఇప్పటికీ విగ్రహం లేదు. గద్దె మీద కంక, భరిణె, అంతే. కొడుకు జంపన్న నెత్తురు కలిసిందని సంపెంగ వాగుకు పేరే మారిపోయింది.

నేననేదేందంటే, మనిషి గుర్తుండుడు శాసనం ఉంటేనే కాదు. రెండేండ్లకోసారి లక్షల మంది నిలువెత్తు బెల్లం మోసుకపోయేది శాసనం చదివి కాదు.

మానేరు_గట్టు (9:20)

కరీంనగర్ కోర్టులో నల్లకోటు తగిలించుకునేవాణ్ణి కాబట్టి నాకు కడియాల కన్నా తాడు మీద ఆసక్తి ఎక్కువ. ఆమె నడుముకు ఉండే బంగారు తాడు. దాంతో కట్టేస్తే ఎవరైనా నిజం కక్కాల్సిందే. మొదట్లో అది నిజం చెప్పించే తాడు కాదు, చెప్పింది చేయించే తాడు, కట్టినవాళ్ళ మాటకు లొంగిపోవాలి. ‘నిజం’ అనే గుణం దానికి గట్టిగా అతుక్కున్నది 1987లో జార్జ్ పెరెజ్ అనే ఆయన ఆమె కథను మళ్ళీ మొదలుపెట్టాక.

తమాషా ఏమిటంటే, కాజీపేట అన్న చెప్పిన ఆ మార్‌స్టన్ గారు తన బీపీ పరీక్షను నిజం కోర్టులో కూడా పెట్టాడు. వాషింగ్టన్‌లో హత్య కేసులో ఫ్రై అనే ముద్దాయి తరఫున. 1923లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఆ రంగంలోని పెద్దలందరూ ఒప్పుకున్న పద్ధతి కాదు కాబట్టి సాక్ష్యంగా చెల్లదన్నది. ఆ తీర్పును అమెరికా వకీళ్ళు దశాబ్దాల పాటు వల్లె వేశారు. కోర్టులో ఓడిన యంత్రం పద్దెనిమిదేళ్ళకు కామిక్‌లో బంగారు తాడై తిరిగొచ్చింది!

మన దగ్గర 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. మనిషికి ఇష్టం లేకుండా లై డిటెక్టర్ గానీ నార్కో గానీ చెయ్యొద్దు, అది రాజ్యాంగం ఇచ్చిన హక్కుకు విరుద్ధం అన్నది. అంటే వండర్ ఉమన్ సుబేదారి ఠాణాలో పని చేస్తే ఆమె తాడును మా క్లయింట్ల మీద వాడనివ్వను.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్ (9:26)

ఇంట్ల వాడితే?

మానేరు_గట్టు (9:31)

ఇంట్లో దానికి తాడు అక్కర్లేదు తమ్ముడూ, మా ఆవిడ కళ్ళు చాలు.

మోడరేటర్ (9:45)

చర్చ బాగుంది. దేవతల సంగతి వచ్చినప్పుడు అందరూ ఇదే మర్యాద నిలుపుకోండి. నవ్వులాట పోస్టులు రెండు తీసేశాను. మూడోది మానేరు గారి ఆవిడకు భయపడి ఉంచాను.

తంగేడుపువ్వు (11:15)

మాస్టారు గారూ, మీ మాటలో నన్ను పట్టుకున్నది ‘రుద్రదేవ మహారాజు’. రాజ్యం చేసింది ఆమె, పేరు మగవాడిది. ఇక్కడ వండర్ ఉమన్ వెనక ఒకమ్మాయి ఉంది, వినండి.

జాయ్ హమ్మెల్. మార్‌స్టన్ దగ్గర చదువుకున్న పిల్ల. 1944లో ఆయన ఆమెను పనిలో పెట్టుకున్నాడు, అప్పుడామెకు పందొమ్మిదేళ్ళు. అదే ఏడు ఆయనకు పోలియో వచ్చింది. మొదట టైపు చేయడానికి కుదిరిన పిల్ల తర్వాత తనే కథలు రాసింది, డెబ్బైకి పైగా. అచ్చులో మాత్రం రచయిత పేరు ‘చార్లెస్ మౌల్టన్’. అది మార్‌స్టన్ కలం పేరు. 1947లో మార్‌స్టన్ చనిపోయాడు, ఆమె ఆ ఏడే పని మానేసింది. వండర్ ఉమన్‌ను రాసిన మొదటి ఆడమనిషి ఈవిడే అని లోకానికి తెలిసే సరికి ముసలిదైపోయింది. 2018లో పురస్కారం ఇచ్చారు. 2021లో పోయింది.

ఏకశిలలో ఒకామె, న్యూయార్క్‌లో ఒకామె, ఇద్దరూ మగ పేరు కిందే!

జగిత్యాల_మాస్టారు (11:50)

బాగా చెప్పినావు తల్లీ. ఇది నాకు తెలియదు.

ఓరుగల్లు_అమ్మ (మధ్యాహ్నం 1:05)

నేను లంచ్‌ల చదువుతున్న. ఒకటి చెప్పుండ్రి. అంత బలం ఉన్నామె, మిగతా వీరులతోని కలిస్తే ఏం చేసేది? నాయకురాలా?

కాజీపేట_జంక్షన్ (1:22)

అక్కా, చెప్పబుద్ధి కాదు. 1942ల జస్టిస్ సొసైటీ అనే వీరుల సంఘంల చేర్చుకున్నరు. ఏ పదవి ఇచ్చిన్రో తెలుసా? సెక్రటరీ. ఓ దిక్కు మగ వీరులందరు శత్రువుల మీదికి పోతరు, ఈమె ఆఫీసుల ఉండి మీటింగు మినిట్స్ రాస్తది. మార్‌స్టన్ రాసే సొంత కథలల్ల ట్యాంకులు లేపేటామె, వేరే రచయిత చేతికి పోయే సరికి నోట్‌బుక్ పట్టింది.

ఓరుగల్లు_అమ్మ (1:26)

ఇదొక్కటి చాలు నాకు. మా ఆఫీసుల రివ్యూ మీటింగ్ అయిన ప్రతిసారి ఒకటే మాట, "మేడం, మీ చేతిరాత ముత్యాలు, మినిట్స్ మీరే రాయండి" అంటరు. పదకొండేండ్ల సంది ముత్యాలు రాస్తున్న. నా బిడ్డ వండర్ ఉమనే వేస్తది.

నిర్మల్_కుంచె (1:40)

అట్లయితే పని మొదలుపెడదాం. బొమ్మలు చేసే ఇంట్ల పుట్టిన, నేను చెప్త.

ముందు బట్టల గొడవ తీరుస్త. మొదటి సంచికలల్ల ఆమె వేసుకున్నది నిక్కరు కాదు, నీలం మీద తెల్ల చుక్కల స్కర్టు, మోకాళ్ల దాకా వస్తది. కొద్ది రోజులకే పొట్టి నిక్కరు చేసిన్రు. 1941 బొమ్మ మేడంకు చూపెట్టు అక్కా, ఇంకేం అనదు. రొమ్ము మీద అప్పట్ల గద్ద బొమ్మ ఉండేది. 1982ల అది తీసి రెండు డబ్ల్యూలు పెట్టిన్రు. చిన్న పిల్లకు గద్దనే అందం.

కిరీటం అట్టతోని చేసి పారెయ్యకు. మా దగ్గర పొనికి చెక్క బొమ్మలకు చింతగింజల జిగురు పూస్తరు. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడకబెట్టాలె. పాత పేపరు ముక్కలు ఆ జిగురుల ముంచి, గిన్నె అంచు మీద నాలుగు పొరలు అంటించి నీడకు ఆరబెట్టు. ఎండల పెడితే వంకర పోతది. ఆరినంక బంగారు రంగు. మధ్యల ఎర్ర చుక్క.

ఆ హెచ్. జి. పీటర్ గీత గురించి ఒక మాట. ఆయన గీసిన మనుషులు కొయ్య బొమ్మలోలె ఉంటరు. మొదట్ల నచ్చలే నాకు. తర్వాత చూస్తే ఆమె మెడ, భుజం నిటారుగ నిలబడతయి, ఎక్కడ ఒంపు తిరగదు. అందంగ కనబడాలని నిలబడ్డ బొమ్మ కాదది, నిలబడాలని నిలబడ్డది. మీ దగ్గర అట్ట లేని పాత పుస్తకం ఉన్నది గదా, భూతద్దం పెట్టి ఆమె చెంప చూడుండ్రి. గులాబి రంగు ఉండది, తెల్ల కాయితం మీద ఎర్ర చుక్కలు వరుసగ ఉంటయి. దూరం నుంచే అది చెంప.

ఓరుగల్లు_అమ్మ (రాత్రి 8:15)

భూతద్దం లేక బిడ్డ తాత కళ్లద్దాలు పెట్టి చూసింది. "అమ్మా, ఈమెకు తట్టు పోసింది" అంటది.

తంగేడుపువ్వు (9:02)

అక్కా, మీరు వేయించండి, నేనూ చప్పట్లు కొడతా. కానీ మచ్చలు కూడా చెప్పాలి కదా. మార్‌స్టన్ రాసిన కథల్లో పేజీకొకసారి ఆమెను ఎవరో ఒకరు గొలుసులతో కట్టేస్తారు. ఆమె కడియాలకు మగవాడు గొలుసు బిగిస్తే బలం పోతుందని నియమం. ఆడవాళ్ళ సంకెళ్ళు తెంచడానికి ముందు కట్టి చూపించాలి అన్నది ఆయన వాదం. ఆయన గారి సొంత సరదా కూడా అందులో ఉందని నా అనుమానం. అప్పటి సంపాదకులకే అది నచ్చలేదు.

ఇంకోటి. 2016లో ఆమెకు డెబ్బై ఐదేళ్ళు నిండిన సందర్భంగా ఐక్యరాజ్యసమితి ఆమెను ఆడపిల్లల సాధికారతకు గౌరవ రాయబారిగా పెట్టింది. అక్టోబర్ 21న సభ జరుగుతుంటే అక్కడి ఉద్యోగులే కొందరు వేదికకు వీపు తిప్పి నిలబడ్డారు. ప్రాణమున్న ఆడవాళ్ళు ఇందరు ఉండగా, ఈత దుస్తుల్లాంటి బట్టల్లో బొమ్మ ఎందుకని. దాదాపు 45 వేల మంది సంతకాలు పెట్టారు. డిసెంబర్‌లో ఆ పదవి ముగిసిపోయింది. రెండు నెలలు కూడా నిండలేదు. ఆ వీపు తిప్పినవాళ్ళలో నేనూ ఉండేదాన్నేమో.

కాజీపేట_జంక్షన్ (10:10)

చెల్లె చెప్పింది నిజమే, కానీ దానికి ముందు ఇంకో ముచ్చట ఉన్నది. అది లేకుంటే ఈమె కథ సగమే.

1950లల్ల అమెరికాల కామిక్‌ల మీద పెద్ద గొడవ లేచింది. 1954ల ఫ్రెడరిక్ వెర్‌థమ్ అనే మానసిక వైద్యుడు పుస్తకం రాసి, ఇవి చదివి పిల్లలు చెడిపోతున్నరన్నడు. వండర్ ఉమన్‌ను కూడ తిట్టిండు. అటెన్క కథలల్ల ఆమె పెండ్లి ఎప్పుడు చేసుకుంటవని స్టీవ్ వెంటపడుడే ఎక్కువైంది. 1968ల అయితే ఏకంగ ఆమె బలం మొత్తం పీకేసిన్రు. తాడు లేదు, కడియాలు లేవు, ఆమె ఎక్కి తిరిగే విమానం లేదు. తెల్ల ప్యాంటు, చొక్కా, కుంగ్‌ఫూ నేర్పే ఒక ముసలి గుడ్డి గురువు, బట్టల దుకాణం. కొత్త కాలపు ఆడమనిషిని చూపిస్తున్నమని రాసినోళ్ల ఉద్దేశం మంచిదే కావొచ్చు. చదివే ఆడోళ్లకు మాత్రం ఇంకో తీరుగ కనబడ్డది, చిన్నప్పుడు తాము చూసిన ఒక్క బలమైన మనిషి నుంచి బలం గుంజుకున్నరని.

1972ల ఆడోళ్ల హక్కుల కోసం కొట్లాడే గ్లోరియా స్టైనమ్ వాళ్లు ‘మిజ్’ (Ms.) అనే పత్రిక పెట్టిన్రు. జులై సంచిక ముఖచిత్రం మీద వండర్ ఉమన్! పాత వేషంల, కడియాలతోని, ఊరు మీద నుంచి రాక్షసిలెక్క నడిచొస్తది. పైన ‘వండర్ ఉమన్‌ను అధ్యక్షురాలిని చెయ్యాలె’ అని. 1973ల కంపెనీ బలం తిరిగి ఇచ్చింది. తర్వాత 1975 నుంచి 1979 దాకా లిండా కార్టర్ అనే నటి టీవీల గిర్రున తిరిగి వేషం మార్చుడు.

ఒక దిక్కు 1972ల ఆడోళ్లు ఆమెను గుంజుకొని నెత్తిన పెట్టుకున్నరు, ఇంకో దిక్కు 2016ల ఆడోళ్లే వీపు తిప్పిన్రు. ఇద్దరూ ఆమె మాది అనుకున్నందుకే. బ్యాట్‌మాన్ బట్టల గురించి గింత కొట్లాట ఎన్నడన్న విన్నరా?

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్ (10:19)

నల్లమట్టి ముచ్చట చెప్పు అన్నా.

కాజీపేట_జంక్షన్ (10:25)

ఆ, అదే 1973ల నూబియా వచ్చింది. హిపోలిటా ఒక్క పాపను కాదు, ఇద్దరిని చేసింది, తెల్లమట్టితోని డయానాను, నల్లమట్టితోని నూబియాను అని కథ. నల్లపాపను మార్స్ దేవుడు ఎత్తుకపోయిండు. మూడు సంచికలల్ల వచ్చి, ఆమెను మళ్ల ఏండ్లకేండ్లు మరిచిపోయిన్రు, అది వేరే అన్యాయం.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్ (10:29)

షిఫ్ట్ దిగి పైకి వచ్చినప్పుడు మేమందరం నూబియా తమ్ముళ్లమే.

జగిత్యాల_మాస్టారు (ఆదివారం, ఉదయం 5:50)

రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. కాజీపేట ఆయన మాట మెదులుతున్నది. నేను తరగతిలో రుద్రమ గురించి ముప్పై నాలుగేండ్లు చెప్పిన పాఠం ఒక్కటే. తండ్రి పేరు, యుద్ధం, చందుపట్ల, ఐదు మార్కులు. ఒక్క సారన్నా ఆమెకు చలివేసిందా, మగ వేషంలో సభలో కూర్చున్నప్పుడు ఏమనుకున్నది, బిడ్డ ముమ్మడమ్మను ఎత్తుకున్నప్పుడు కత్తి ఎక్కడ పెట్టేది అని పిల్లలను అడగలేదు. ఆ అమెరికా వాళ్ళు తమ మట్టిబొమ్మకు పెండ్లి ఆశ పెట్టినారు, బలం తీసినారు, ఇచ్చినారు, తండ్రిని తెచ్చినారు, చెడగొట్టినారు, బాగు చేసినారు. ఎనభై ఏండ్లు చేతులు మారుతూ నలిగింది కాబట్టే బతికి ఉన్నది. మనం రుద్రమను గుర్రం ఎక్కించి చౌరస్తాలో నిలబెట్టి దండ వేసి వచ్చినాము.

అమ్మా, పాపను వండర్ ఉమన్ వేయనీయి. కానీ కోటకు మాత్రం తీసుకపో.

తంగేడుపువ్వు (8:40)

మాస్టారూ, రామప్పకు కూడా. అక్కడి మదనిక శిల్పాల్లో ఎత్తు మడమ చెప్పులు వేసుకున్న ఆమెను గైడ్లందరూ చూపిస్తారు, ఎనిమిది వందల ఏళ్ళ కిందటి హైహీల్స్ అని. నల్లరాయిని అంత నునుపుగా చెక్కారు. ఆ చెప్పులు చూశాక ‘మన సంస్కృతిలో ఇట్లాంటివి లేవు’ అని ఆ మేడం అనలేరు.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్ (8:55)

ఇగ కడియాలు. రెండించుల ప్లాస్టిక్ నీళ్ల పైపు ముక్క తీసుకో. బిడ్డ అరచెయ్యి వెడల్పంత పొడుగు కొయ్యి. నిలువుగ ఒక దిక్కు చీల్చు, లేకుంటే చెయ్యి పట్టది. మసిలే నీళ్లల్ల రెండు నిమిషాలు ముంచు, మెత్తబడ్తది. చెక్క రోకలికి చుట్టి పట్టుకొని చల్లార్చు. బిడ్డ చేతికి చుట్టకు, కాల్తది. అంచులు గీరుకపోకుండ ఇసుక కాయితం పెట్టి రాకు. మీద నిర్మల్ అన్న చెప్పిన రంగు.

నిర్మల్_కుంచె (9:10)

పైపు మీద రంగు నేరుగ పట్టది. ముందు ఫెవికాల్ ఒక పూత.

ఓరుగల్లు_అమ్మ (వచ్చే ఆదివారం, ఉదయం 10:30)

ఆలస్యం అయింది, ఏమనుకోవద్దు. మొత్తం చెప్త.

1941 బొమ్మ ఫోన్‌ల చూపెట్టిన. మేడం చూసి, "ఓ, ఇది గౌను లెక్కనే ఉన్నది గదా" అన్నది, అంతే. స్కర్టుకు మా అత్తమ్మ పాత నీలం లంగా కోసినం, తెల్ల చుక్కలకు బిందీలు కావాలని దుకాణాలు తిరిగి, కడకు అటెండెన్సుకు వాడే తెల్ల స్టిక్కర్లు అంటించినం. తాడు నా పెండ్లి చీర జరీ అంచు. అది కోసేటప్పుడు చెయ్యి ఆడలే, కానీ అల్మారాల ఉండి ఏం చేస్తున్నది! చింతగింజల జిగురు మూడో రోజు వాసనొచ్చింది, నిర్మల్ అన్నా, ఆ ముచ్చట మీరు చెప్పలే.

శుక్రవారం పొద్దున కోటకు పోయినం. సింహం మీది ఆమెను చూసి, "ఈమెకు కూడ కడియాలు ఉన్నయి" అన్నది. అరిగిపోయిన రాయి, నాకైతే కనబడలే. దానికి కనబడ్డయి.

స్టేజీ మీద మూడు మాటలు చెప్పాలె. ఇంట్ల ఇంగ్లీషుల రాసిచ్చిన. అక్కడికి పోయినంక అవన్నీ మరిచిపోయి తెలుగుల మొదలుపెట్టింది. "నా పేరు డయానా. నన్ను మా అమ్మ మట్టితోని చేసింది. మా అమ్మ వద్దన్నది అయినా వచ్చిన." కింద అందరు నవ్విన్రు. అది నవ్వలే. తర్వాత తాడు తీసి, ముందు వరుసల కూసున్న మేడం చేతికి చుట్టింది. ఏం అడగలే, ఉత్తగనే చుట్టి దిగొచ్చింది. మొదటి బహుమతి రాణి రుద్రమకే వచ్చింది, వేరే సెక్షన్ పిల్ల. మాది మూడోది, స్టీలు టిఫిన్ డబ్బ. ఇద్దరూ కిరీటాలు మార్చుకొని ఫొటోలు దిగిన్రు.

సోమవారం మీటింగ్ ఉన్నది. మినిట్స్ ఈసారి వేరేవాళ్లు రాయాలని మెసేజ్ టైపు చేసి పెట్టిన, ఇంకా పంపలే.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్ (10:34)

పంపు అక్కా. కడియం పైపు రెండించులే పెట్టినవా? వదులుగ లేదా?

ఓరుగల్లు_అమ్మ (10:41)

వదులైంది తమ్మీ. లోపల బొంతగుడ్డ పెట్టి కుట్టిన. రాత్రి కూడ తియ్యలే, పెట్టుకొనే పండుకున్నది.